అక్కకు నేనిచ్చిన తెల్లచీర

ఆదివారం, రాత్రి.

అన్నం సయించలే. పొద్దున మన్సూరాబాద్‌ల చర్చిల మా సరళక్క బాప్తిస్మం తీసుకున్నదట. బావ వీడియో పంపిండు, ఒక్క మాట కూడ రాయకుండ.

అండ్ల అక్క నీళ్ల తొట్టిలకెళ్లి లేచి, మైకు పట్టుకొని, అందరి ముందల చెప్తున్నది: "ఇయ్యాల్టి సంది నేను యేసయ్య బిడ్డను. పాత సరళ చచ్చిపోయింది." నొసట బొట్టు లేదు. ఒంటి మీద తెల్లచీర. అది నా దుకాణంల చీరనే.

బుధవారం వచ్చి, "అంచు లేని తెల్లచీర ఒకటియ్యి తమ్మీ" అన్నది. అసొంటి చీర అడిగినోళ్లను ఎవరు పోయిన్రని అడుగం, మళ్ల రమ్మని అనం. గా రివాజు నాయిన నేర్పిందే. అత్తగారి దిక్కు ఎవరో పోయి ఉంటరనుకొని, తల ఒంచుకొని కాగితంల చుట్టిచ్చిన. అక్క జర సేపు నా మొఖం చూసుకుంట నిలబడి, ఎల్లిపోయింది.

దిల్‌సుఖ్‌నగర్‌ల గన్ని దుకాణాలుండంగ నా దగ్గరికే ఎందుకొచ్చినట్టు? నేను అడుగుతనని చూసిందా? అడిగితే కొట్లాడేటోన్నే. కొట్లాడినా బాగుండు, చెప్పిపోయినట్టుండేది.

ఇందాక అమ్మ ఆ వీడియో మళ్ల పెట్టుమని చూసింది. "మొగడు బతికుండంగ నా బిడ్డకు తెల్లచీర ఇచ్చినోని చేతులు ఇరిగిపోను" అన్నది.

 నేను గా చేతులతోనే ఆమెకు బీపీ గోలి, మంచినీళ్లు ఇచ్చిన.