డ్రాయింగ్‌లో లేని సందు

బాపూ,

బతికున్నప్పుడే చదవడం రాని నీకు ఇప్పుడు ఉత్తరం రాస్తున్నాను. నువ్వు పోయి ఈరోజుకు ఏడాది. నీ సమాధి దగ్గర పెట్టడానికి, నీతో ఇన్నేళ్లు కాపురం చేసిన అవ్వ పొద్దున్నే అన్నం వండింది.

మన ఇల్లు రోడ్డుకు ఇటు, నిన్ను సమాధి చేసిన మెట్ట చెలక అటు. ఇదివరకు నాలుగు అడుగులేస్తే దాటేవాళ్లం. ఇప్పుడు నాలుగు వరసల హైవే, మధ్యలో నడుమెత్తు డివైడర్. రెండూ నేను వేసినవే. నువ్వు కంకర కొట్టిన రోడ్డుకే నీ కొడుకు కాంట్రాక్టర్ అయ్యాడని చొప్పదండి అంగట్లో అందరికీ చెప్పుకునేవాడివి.

డివైడర్ కడుతున్నప్పుడు ఊరివాళ్లు వచ్చారు. "జర మనుషులు దాటేటంత సందు ఇడువు అన్నా" అన్నారు.

"డ్రాయింగ్‌ల లేదు తమ్మీ" అన్నాను. నిజంగానే లేదు. వదిలితే మళ్లీ నాతోనే మూయిస్తారు. కనీసం పైవాళ్లను అడిగి చూద్దామని కూడా అనుకోలేదు.

ఇవాళ అవ్వ గిన్నె పట్టుకుని రోడ్డు పక్కన నిలబడింది. "మనింటి ముంగటన్న ఇంత సందు ఇడువకపోతివి" అంది.

"డ్రాయింగ్‌ల లేదవ్వా."

ఆమెను కారెక్కించాను. అటువైపు చేరేందుకు కారు వెనక్కి తిప్పాలంటే నాలుగు కిలోమీటర్లు పోవాలి. కారు కొద్దిగా కదలగానే డివైడర్ మీదుగా నీ సమాధి కనిపించింది. అవ్వ అద్దానికి చెయ్యి ఆనించింది.

"మీ బాపు గక్కడుంటే నన్నెటు తీస్కపోతున్నవ్ బిడ్డా?"