డిక్కీ దగ్గర తెగిన వైరు

బుధవారం, రాత్రి

ఈ రోజు ఒక కారు జబ్బు నేనొక్కదాన్నే పట్టేశాను! తెల్లాపూర్ విజయమ్మగారి కారు. రివర్స్ వేస్తే కెమెరా ఒకసారి కనిపిస్తుంది, ఒకసారి నల్లబడుతుంది. వెనక ఏదైనా అడ్డొస్తే మోగాల్సిన సెన్సర్లు మోగక ఆవిడ గేటును గుద్దారు. ఇక నడపొద్దని కొడుకు తాళాలు దాచేస్తే, రిపేరుకని అడిగి తీసుకున్నారట. "నా కళ్లే మందగించాయనుకున్నానమ్మా" అన్నారు.

మా మెకానిక్ షెడ్డు పెద్దమేస్త్రీ మల్లేశన్న చూసి, "కెమెరా, సెన్సర్లు రెండూ కొత్తయి ఏసెయ్" అన్నాడు.

"జెర ఆగన్నా, రెండూ ఒక్కసారే ఎట్ల పోతయి?" అన్నాను.

రెండింటికీ కరెంటు వచ్చేది రివర్స్ లైటు వైరు నుంచే. రివర్స్ వేసి ఉంచి డిక్కీ ఎత్తి దించుతుంటే ముందున్న తెర మీద కెమెరా బొమ్మ వచ్చి పోయింది! డిక్కీ మడత దగ్గర రబ్బరు తొడుగు జరిపి చూస్తే లోపల వైరు తెగి ఉంది. అతికించగానే సెన్సర్లు మోగాయి. గంతేయాలనిపించింది.

విజయమ్మగారు వెంటనే కొడుక్కి ఫోన్ చేశారు. "తప్పు నాది కాదురా, వైరుది!"

తర్వాత తనే కారు వెనక్కి తీశారు. నా అతుకు నిలుస్తుందా అని ఇప్పటికీ గుబులుగానే ఉంది. ఆవిడ మాత్రం తెర చూసి, మెడ తిప్పి కూడా చూసుకుని రోడ్డెక్కారు. ఇంటివైపు కాదు, ఊరు దాటి సంగారెడ్డి వైపు!