పొయ్యి పక్కన రెండు పరుపులు

చెల్లీ నెలిదా,

సాయంత్రానికి పెద్ద మంచు తుఫాను వస్తుందని రేడియోలో చెప్పారు. కొండమీది గొర్రెలను దించుకురావడానికి గుర్రం మీద వెళ్తున్నాను. కట్టెలు లోపల పేర్చేశాను. పైపు గడ్డకట్టకముందే నీళ్లు పట్టిపెట్టు. కోళ్లను వసారాలోకి తోలు. నాకు ఆలస్యమైతే వెతుక్కుంటూ బయటికి రాకు. కిటికీలో దీపం పెట్టు, చాలు.

అమ్మ లేకుండా ఇదే మొదటి తుఫాను. మంచు పడగానే, "అందరూ వంటింట్లోకి రండర్రా, విడివిడిగా పడుకుంటే చలికి బిగుసుకుపోతారు!" అని కేకేసేది. నూనెలో రొట్టెలు వేయించేది. మాతే ఆకుల వేడి టీ పోసిన గిన్నె చేతులు మారుతూనే ఉండేది.

ఇల్లు అమ్మాలా వద్దా అన్నది మంచు కరిగాక తేల్చుకుందాం. నామీద అలిగి ఆ చల్లటి మూలగదిలో పడుకోకు.

బెలార్మీనో

మరిచాను, మన పరుపులు రెండూ పొయ్యి పక్కన వేశాను. చిన్నప్పటిలా ఐసుగడ్డల్లాంటి పాదాలు నా వీపుకి ఆనించావంటే మాత్రం ఊరుకోను.