అత్త తరవాణి

ఆడి నెల 20, సోమవారం

చేతుల మీద మళ్ళీ ఎర్రగా లేచింది. మణికట్టు నుంచి మోచేతి దాకా. గోకకూడదని తెలుసు... గోకుతున్నాను. మిల్లు క్యాంటీన్‌లో సూపర్‌వైజరమ్మ చూసి గరిటె లాక్కుంది. "కై సరియాగట్టుం, అప్పురం వా మా." చేతులు బాగయ్యాకే రమ్మని. పదకొండేళ్ళుగా ఆ పొయ్యి నాది. ఏడుపు కంటే కోపమే ఎక్కువ వచ్చింది.

ఆడి 21

అద్దంలో మెడ. అక్కడా మొదలు.

ఆడి 23, గురువారం

సూలూరు డాక్టరమ్మ. పూతమందు రాసిస్తుందనుకుంటే కడుపు గురించి అడుగుతుంది. ఏం తింటావు, విరేచనం ఎలా ఉంది... పంటినొప్పికి మూడుసార్లు యాంటీబయోటిక్ మింగిన సంగతి చెప్పాను. అవి కడుపులోని మంచి క్రిములనూ చంపుతాయట. కడుపు చెడితే కొందరికి ఒంటి మీద తేలుతుందట. నీకు అదేనని ఖాయంగా చెప్పలేనంది. "రోజూ తినేది ఏమైనా మానేశావా?" లేదన్నాను.

అబద్ధం.

ఆడి 24

ఈ పేజీకైనా నిజం చెప్పాలి. మానేసింది తరవాణి. గంజీ అన్నం నీళ్ళూ పోసి పులియబెట్టే ఆ కుండను మా ఇంట్లో పూర్తిగా ఖాళీ చేయరు. ముంచుకున్నంత మళ్ళీ పోస్తారు, అడుగున పాతది ఉండనే ఉంటుంది. అత్తకు వాళ్ళత్త ఇచ్చింది, ఆమెకు వాళ్ళత్త... ఇంటి పెద్దావిడ పోతే పదహారో రోజున కోడలు అందులోంచి మూడు దోసిళ్ళు తాగాలి. అప్పుడే కుండ ఆమెదవుతుంది.

చిత్తిరై నెలలో, అత్త పోయిన పదహారో రోజున, నేను తాగినట్టు నటించాను. పెరట్లో పారబోసి కుండను ఫినాయిల్‌తో కడిగాను. పదిహేనేళ్ళు ఆమె నోటికి జడిసి బతికాను. ఆమె చేయి ముంచిన పులుపు నా లోపలికి పోవడం ఇష్టం లేకపోయింది. అంతే.

ఆడి 27, సోమవారం

కంబం నుంచి చిన్నత్త వచ్చింది. అత్తకు తోడికోడలు. నా చేతులు చూసింది. అరచేతిని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. "కుండ పారబోస్తివా కోడలా?" ఎవరు చెప్పారు? నాకు తప్ప ఎవరికీ తెలియదే! "ఎవురూ చెప్పలే. మీ అత్త పోసిచ్చిన పులుపు మా ఇంట్లో ఇంకా ఉండాది. కొంజం తెచ్చిండాను, తాగు." తూక్కు గిన్నెలో పోసి, బస్సులో ఒడిలో పెట్టుకుని తెచ్చిందట. ఇక్కడ నాకు ఒళ్ళు బాగాలేదని కూడా ఆమెకు ఎవరూ చెప్పలేదు.

ఆడి 28

తాగాను. మూడు దోసిళ్ళు. మిగిలింది చిన్నత్త కొత్త కుండలో పోసి గంజి కలిపింది, రోజూ తాగమంది.

ఆడి 31, శుక్రవారం

దురద లేదు. నమ్మబుద్ధి కావడం లేదు.

ఆవణి నెల 4, మంగళవారం

మోచేతులు శుభ్రం. మెడ మీద పొట్టు రాలుతోంది. మధ్యాహ్నం కుండలో బుడబుడ... పులిసేది అలాగే చప్పుడు చేస్తుంది, తెలుసు. కానీ నేను వంటింట్లోకి వెళ్తే ఆగుతుంది, బయటికి వస్తే మొదలవుతుంది. నాలుగుసార్లు వెళ్ళి చూశాను.

ఆవణి 7, శుక్రవారం

అన్నం తింటూ ఈయన తల ఎత్తాడు. "అమ్మ వాసన వస్తా ఉండాది." స్నానం చేసి చీర మార్చుకు వచ్చాను. "చీర కాదే. నీ మీదే." చేయి కడుక్కుని లేచిపోయాడు. సగం అన్నం ఆకులోనే.

మోచేయి ముక్కుకి ఆనించి మూచూశాను. పుల్లగా, కొంచెం తీయగా... ఆమె మంచం పక్కన ఉండేదే.

ఆవణి 10, సోమవారం

డాక్టరమ్మ చేతులు చూసి సంతోషించింది. వాసన సంగతి అడిగాను. లోపలి క్రిములు మారితే ఒంటి వాసనా మారొచ్చంది. "నల్లదుదానే మా!" మంచిదేగా అని నవ్వింది. ఆమెకేం, నవ్వుతుంది. బతికినన్నాళ్ళూ నా నెత్తిన కూర్చున్న మనిషి ఇప్పుడు నా కడుపులో కాపురం పెట్టింది.

ఆవణి 11

తాగలేదు.

ఆవణి 12

తాగలేదు. వాసన తగ్గింది. ఈయన పక్కన కూర్చున్నాడు.

ఆవణి 13, గురువారం

మణికట్టు మీద ఎర్రటి చుక్క. సాయంత్రానికి ఐదు. క్యాంటీన్ నుంచి ఫోను, చేతులు బాగుంటే సోమవారం రావచ్చట. తాగాను. ఏడుస్తూ తాగాను.

ఆవణి 14, శుక్రవారం

మా పాప బడి నుంచి వచ్చి నా ఒడిలో ముఖం దాచుకుంది. అవ్వ పక్కనే పడుకునేది, అత్త పోయాక కూడా నా దగ్గర పడుకోని పిల్ల. కళ్ళు మూసుకునే అంది, "అవ్వా, ఎక్కడికి పొయ్యినావు?"

అమ్మనే పాపా, అనాలి. అనలేదు. "ఈడనే ఉండాను కన్నూ" అన్నాను. కన్నూ అనేది అత్త పిలుపు, నేను ఎవరినీ అలా పిలవను. గొంతు నాదే... నాదే అనుకుంటున్నాను. పాప హాయిగా నిద్రపోయింది.

ఆవణి 16, ఆదివారం

చేతులు నున్నగా ఉన్నాయి. రేపు పొద్దున ఆరింటికి నా పొయ్యి దగ్గర నేను ఉండాలి. పాప తరవాణి గ్లాసు పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడింది. "తాగు అవ్వా" అంటోంది. ఇంకా తాగలేదు.