నాలుగో గడి

చిరంజీవి అమ్మాయికి,

నాన్న దీవెనలు. ఇక్కడ నేను, మీ అమ్మ, మా ఇద్దరి మోకాళ్లు కులాసా. నువ్వూ వేళకి తిని వేళకి పడుకుంటున్నావని అనుకుంటాను. అనుకోవడమే కదా.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. "పరీక్షకి కూర్చుంటున్నారా ఏమిటి?" అంది మీ అమ్మ. మా పాత పంపు హౌసులో మోటార్లు, గేట్లు ఇకమీదట ఏఐ ఏజెంటు తిప్పుతుందనీ, కంప్యూటరులో ఏ మీట ఏం చేస్తుందో దానికోసం నువ్వు రాసిపెడుతున్నావనీ తెలిసింది. ఏజెంటంటే బీమా చేయించేవాడే అనుకునేవాణ్ణి ఇన్నాళ్లూ. దానికి మొహం చూసి గ్రహించడం రాదు, రాసిందే తెలుసు అన్నావు. మీ అమ్మ మొహం చూసి నాకూ ఈనాటికీ ఏమీ తెలియదు.

'ట్యాంకు కడుగు' అనే మీట గురించి అడిగావు. ఆ పేరు మార్చమ్మా. అది కడగదు. ట్యాంకు అడుగు గేటు తెరిచి నీళ్లన్నీ కింది సొరంగంలోకి వదిలేస్తుంది. కడిగేది మనుషులు, ఆ సొరంగంలోకి దిగి బురద తీసేవాళ్లు.

తెరిచాక ఆపవచ్చా అన్నావు. ఆపవచ్చు. కానీ గేటు పూర్తిగా మూసుకోవడానికి ఆరు నిమిషాలు పడుతుంది. ఆ ఆరు నిమిషాల సంగతీ రాయి.

తెరిచే ముందు ఏం చూడాలి అన్నావు. మేము పానాతో గొట్టం మీద మూడు దెబ్బలు కొట్టేవాళ్లం. లోపల మనిషి ఉంటే తిరిగి కొట్టేవాడు. చప్పుడు రాకపోతే ఎవరూ లేనట్టు. ఇది ఏ పుస్తకంలోనూ లేదు. చేతి నుంచి చేతికి వచ్చిన పద్ధతి.

నువ్వు నింపమన్న ఫారంలో నాలుగో గడి, 'తప్పు జరిగితే ఏమవుతుంది' అన్నది, ఖాళీగా పంపాను. మరిచిపోయావా నాన్నా అని అడిగావు. మరిచిపోలేదు.

పొద్దున ఎండ కిటికీలోంచి ట్యాంకు మీద పడితే, ఆ వెలుగు పైకప్పుకి ఎక్కి ఈదుతూ ఉండేది. మోటార్ల మోత అడుగున ఇంకో మోత ఉండేది, నిద్రలో ఎవరో ఊపిరి తీస్తున్నట్టు. అక్కడ నిలబడితే కాళ్లు నేల మీద ఉన్నట్టు ఉండేది కాదు. చేయబోయే పని అప్పటికే చేసేసినట్టు ఉండేది.

నీకు రెండేళ్లప్పుడు ఒక పొద్దున అలాగే నిలబడ్డాను. పానా చేతిలో ఉంది. మూడు దెబ్బలు కొట్టాననుకున్నాను. వాటి చప్పుడూ విన్నట్టే ఉంది. జవాబు కోసం ఆగాను. రాలేదు. గేటు తెరిచాను.

కింద మీ మామయ్య ఉన్నాడు. నీళ్లు గోడకేసి కొట్టాయి. కాలు విరిగింది. బతికాడు.

"కొట్టావా?" అని ఇంజనీరు అడిగాడు. "కొట్టానండి, జవాబు రాలేదండి" అన్నాను. అప్పటికే చూశాను, గొట్టం మీద పట్టిన చెమ్మ చెక్కుచెదరలేదు, పానా తగిలిన గుర్తే లేదు.

"అయితే నాకే వినపడలేదు బావా" అన్నాడు మీ మామయ్య, మంచం మీంచి.

ఆయన చెవి మందమని అందరికీ ఖాయమైపోయింది. డాక్టరు బాగానే ఉందన్నాడు. "సమయానికి పని చెయ్యదండీ అది" అన్నాడు మీ మామయ్య. సొరంగం పని వదిలేసి, వీధి గేటు దగ్గర కుర్చీలో మిగిలిన ఉద్యోగమంతా గడిపాడు. చిన్నప్పుడు నువ్వూ ఆయన చెవిలో అరిచేదానివి. మెల్లగా మాట్లాడమ్మా అని నేను ఒక్కసారీ అనలేదు.

ఆ గడి ఖాళీగా ఉంటే నీ ఏజెంటు కూడా, మా పానా దెబ్బల బదులు సొరంగంలో గంట మోగించి, జవాబు లేకపోతే తెరుస్తుంది. అది నాలాగ పరధ్యానంలో పడదు, తప్పక మోగిస్తుంది. అయినా లోపలివాడికి వినపడకపోవచ్చు. పడిపోయి ఉండవచ్చు. అందుకని ఇలా రాయి: జవాబు రాకపోతే ఎవరూ లేరని కాదు. దిగినవాళ్లందరూ పైకి వచ్చి, వచ్చామని తమ నోటితో చెప్పేదాకా గేటు ముట్టుకోకూడదు. అనుమానం వస్తే ఆగి మనిషిని అడగాలి. తప్పు జరిగితే మనిషి పోతాడు.

కింద పనిచేసినవాళ్ల సంతకం కూడా కావాలన్నావు. వాళ్లలో మిగిలింది మీ మామయ్య ఒక్కడే. నిన్న సాయంత్రం వెళ్లాను. నాకు చెప్పడం రాదు, నీకు రాసిన కాగితమే చదివాను, ఆ పొద్దుటి సంగతితో సహా.

"మళ్లీ చదువు" అన్నాడు.

ఇంకా మెల్లగా చదివాను.

"వినపడింది బావా. మొదటిసారి చదివినప్పుడే వినపడింది." విరిగిన కాలు రాసుకున్నాడు. "అక్కకి తెలుసా?"

"తెలియదు. నీకే ముందు."

"ముప్ఫై ఏళ్లకి ముందా" అన్నాడు. నవ్వలేదు. "ఆ కాగితం అక్కడ పెట్టి వెళ్లు."

సంతకం సంగతికి ముందు రాసిందంతా నకలు. అసలుది ఆయన దగ్గరే ఉంది. సంతకం పెడతాడో లేదో తెలియదు, నేను అడగను. పెట్టేదాకా ఆ గేటు నీ ఏజెంటు చేతికి ఇవ్వకు.

కవరు ఇంకా అంటించలేదు. మీ అమ్మ పక్క గదిలో బట్టలు మడతపెడుతోంది. ఆమెకి చదివి వినిపించి, అప్పుడు పోస్టులో వేస్తాను.

ఇట్లు,
మీ నాన్న