కుండ మీద చెయ్యి

గుణదల, విజయవాడ,
గురువారం

చెల్లి నాంచారికి అక్క దీవెనలు.

నేనూ, మనవరాలు శ్రావణీ ఒంట్లో బాగానే ఉన్నాం. నువ్వెలా ఉన్నావని ఫోన్‌లో అడిగితే "బానే ఉన్నాలే అక్కా" అని పెట్టేస్తావు. అందుకే కాగితం మీద రాస్తున్నాను. మరిదిగారి చేత పైకి చదివించుకో. మధ్యలో లేచి నూలు కండెలు చుట్టడానికి పోవద్దు.

నేను పెడన వదిలి పన్నెండు వారాలు. శ్రావణికి వండిపెట్టడానికని వచ్చాను, వండుతున్నాను, తను సగం తిని లేస్తోంది. మాది మేడమీద వాటా. ఎదురుగా కొండ, పొద్దుగూకినా వేడి వదలదు. పక్కవాటా ఆవిడ "బాగున్నారాండీ" అని అడిగి, జవాబు వినకుండానే లిఫ్టు ఎక్కుతుంది. ఇక్కడి గోంగూరకు మన పులుపు లేదు. మగ్గం చప్పుడు లేని మధ్యాహ్నం ఎంత పొడుగో ఇక్కడికొచ్చాకే తెలిసింది. నా గురించి దిగులుపడకు, బాగానే ఉన్నాను.

ఇక శ్రావణి తయారుచేసి నీకిస్తానన్న చేతిపట్టీ సంగతి. దానికి బ్యాటరీ లేదు, ఛార్జింగ్ లేదు. ఒంటి వేడికీ బయటి గాలికీ ఉన్న తేడాలోంచి చిటికెడు కరెంటు పుట్టించుకుని, దాంతోనే గుండె ఎన్నిసార్లు కొట్టుకుందో, ఎక్కడ తప్పిందో ఫోన్‌కి పంపాలి. వాళ్ళ ల్యాబ్‌లో ఏసీ కింద బాగానే పనిచేసింది. మన ఎండల్లో చేస్తుందా అన్నది తేల్చడానికి నా మణికట్టుకు కట్టింది.

గంటగంటకూ అంకె వచ్చిందా లేదా, అప్పుడు నేను కూర్చున్నానా, పడుకున్నానా, చెమట పట్టిందా, అన్నీ పుస్తకంలో రాశాను. మండుటెండలో, రెండు గంటలప్పుడు కూడా అంకెలు వచ్చాయి. ఆ పేజీలు చూసి శ్రావణి నన్ను ఎత్తుకున్నంత పని చేసింది.

పోయిన వారం బుధవారం మంచినీళ్ళ కుండ చిట్లింది. బుధ, గురువారాలు మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగింటి దాకా ఒక్క అంకె రాలేదు. శుక్రవారం వన్ టౌన్ వెళ్ళి కొత్త కుండ తెచ్చాను, అంకెలు మళ్ళీ వచ్చాయి. పుస్తకం తిరగేస్తుంటే నాకే తట్టింది. చిన్నప్పుడు మనిద్దరం ఎండాకాలం తడిగుడ్డ చుట్టిన కుండ పక్కన పడుకుని, దానిమీద చెయ్యి వేసుకునేవాళ్ళం చూడు, నేనిప్పటికీ మధ్యాహ్నాలు అలాగే, పట్టీ ఉన్న చెయ్యి కుండ మీద వేసి పడుకుంటున్నాను. అది అలవాటు కాబట్టి రాయాలని తోచలేదు. అన్నీ రాసినదాన్ని ఆ ఒక్కటీ వదిలేశాను.

శనివారం శ్రావణికి చెప్పాను.

"రోజూనా అమ్మమ్మా?"

"రోజూనే."

వంగి కుండ మీద చెయ్యి వేసి చూసింది. "అయితే ఇన్నాళ్ళూ పట్టీని నడిపింది నీ ఒళ్ళు కాదు, ఈ కుండ. నా రీసెర్చ్ పేపర్లో దీని పేరు కూడా వేయాలి."

నవ్వుతుందనుకున్నాను, నవ్వలేదు. ఒంటికీ గాలికీ వేడి ఒక్కటైతే కరెంటే పుట్టదట, కుండ చల్లదనమే ఆ తేడా తెచ్చిందట. "ఈ మధ్యాహ్నాలు తీసేస్తే రివ్యూలో చూపించడానికి నాకేం మిగలదు" అంది. "లేనిది చూపించకు" అన్నాను. ఎర్రసిరాతో ఆ గళ్ళన్నీ నేనే కొట్టేశాను.

మంగళవారం వాళ్ళ గైడుగారు ఓపిగ్గానే విన్నారట. ఇంకో వేసవికి డబ్బు రాదన్నారట. ఈ నెలాఖరుతో సరి. శ్రావణి ఉద్యోగాలకు అప్లికేషన్లు పెడుతోంది. పట్టీని సొరుగులో పెట్టేసింది. నాతో మామూలుగానే మాట్లాడుతోంది, అదే కష్టంగా ఉంది.

అదలా ఉంచు. నీకు రాయవలసింది ఇది. నువ్వు మగ్గం దగ్గర పడిపోయింది రెండుసార్లు, రెండూ మధ్యాహ్నాలే. పట్టీ పనిచేయనిది సరిగ్గా ఆ వేళలోనే. విజయవాడ వచ్చి నాలుగు రోజులు ఆసుపత్రిలో ఉంటే గుండె ఎప్పుడు తప్పుతోందో చూస్తామని డాక్టరుగారన్నప్పుడు, "ఎందుకే, మన పిల్ల పట్టీ వస్తుందిగా, ఆగు" అన్నది నేను. నువ్వు ఆగావు. ఆ తప్పు కూడా నాదే, అది ఎర్రసిరాకు పోయేది కాదు. పట్టీ రాదు నాంచారీ. ఈ ఏడూ రాదు, పై ఏడూ రాదు.

కుండ మీద చెయ్యి వేసుకుని పడుకుంటే దడ తగ్గుతోందని మొన్న అన్నావు. అది కుండ చలవ. గుండె కుదుటపడటం కాదు. ఈ విషయంలో నేను మోసపోయినట్టు నువ్వు మోసపోకు.

సోమవారం పొద్దున్నే పెడనలో, బందరు నుంచి విజయవాడ వచ్చే బండి ఎక్కు. డాక్టరు చీటీలన్నీ తెచ్చుకో. మరిదిగారి నేత తువ్వాళ్ళు రెండు తీసుకురా, ఇక్కడివి తడి పీల్చవు. ఆలస్యమైందని డాక్టరుగారు కోప్పడితే నన్ను చూపించు.

నువ్వు వస్తావన్న నమ్మకం పెద్దగా లేదు. "మగ్గం మీద నేత మధ్యలో ఆపి ఎలా వస్తానక్కా" అంటావు. అయినా స్టేషన్‌లో ఉంటాను. బండి ఎన్నింటికి వచ్చిందో పుస్తకంలో రాసుకుంటాను, పక్కనే నువ్వు దిగావో లేదో రాస్తాను.

మరిదిగారిని అడిగానని చెప్పు. శ్రావణి మీ ఇద్దరికీ నమస్కారాలు చెప్పమంది. పసుపు కుంకుమలతో పదికాలాలు ఉండు.

నీ అక్క,
రత్నకుమారి