బండ్లు అని రాసింది నేనే

సోమవారం, కదిరి

మన సర్కిల్‌ను నడిచేవాళ్లకూ సైకిళ్లకూ వదలాలి, సాయంత్రాలు అక్కడ పాటలూ సభలూ జరగాలి అని అర్జీ రాసింది నేనే. "సర్కిల్లో బండ్లు ఉండరాదు" అన్న మాట కింద ఎర్ర గీత కూడా కొట్టాను. నా మనసులో ఉన్నవి కార్లు, లారీలు, మోటారు సైకిళ్లు.

ఈరోజు మునిసిపాలిటీ గోడ మీద నోటీసు. అర్జీదారుల కోరిక మేరకు రేపు ఉదయం తోపుడు బండ్లు తీసేస్తారట! కార్ల ఊసే లేదు. లోపలికెళ్లి అరిచాను. గుమాస్తా నవ్వాడు.

"ఏమప్పా, బండ్లని రాసింది నువ్వే గదా? తోపుడుబండి బండి కాదా?"

ఆ అర్జీలో మొదటి వేలిముద్ర మస్తానన్నది. సర్కిల్లో శనక్కాయల బండి ఆయనది, ఇల్లు గడిచేది దాని మీదే. సాయంత్రం చెబుదామనే వెళ్లాను. వేడి పొట్లం నా చేతిలో పెట్టాడు.

"జనం నడిస్తే మనకే బేరం గదప్పా! నువ్వుండావు, నాకేం భయం?"

నోటీసు సంగతి చెప్పకుండానే పొట్లం పట్టుకుని ఇంటికొచ్చేశాను. ఇన్ని కరపత్రాలు చదివి, "బండ్లు" అన్న మాట ముందు "మోటారు" అని చేర్చడం తోచలేదు నాకు.

రేపు ఆ బండికి అడ్డంగా పడుకుంటాను. పోలీసులకు భయం లేదు. కానీ వాళ్లు నా అర్జీ మస్తానన్నకు చదివి వినిపిస్తే, ఆయన నా వైపు తిరిగి చూస్తే...